మంచు పడకముందు పాతే కర్రలు

ఢిల్లీ కంటోన్మెంటు,
మే నెల, ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి నమస్కారాలు.

నీకూ బావకీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక సీసా పాడవుతుందని బీరువాలో దాచిపెట్టిందా? ఇక్కడ నేనూ చిన్నీ బాగానే ఉన్నాం. మర్యాదకి రాస్తున్న మాట కాదు, నిజంగానే బాగున్నాం. నువ్వు నమ్మవని తెలుసు కాబట్టి ఈ ఉత్తరంలో ఇంకో నాలుగుసార్లు రాస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటి అంటావు. ఫోనులో నేను రెండు ముక్కలు చెప్పేసరికి నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఈలోగా జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఎవరో వస్తారు. “ఉండవే, సేతి కొలత తీసీసి సేస్తాను” అని పెట్టేస్తావు, మళ్ళీ చెయ్యవు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మధ్యలో ఆపితే అర్థమయ్యేది కాదు. నువ్వు అడ్డం పడకుండా మొదటినుంచీ చివరిదాకా చెప్పాలంటే కాగితమే నయమనిపించింది.

పోయిన వారం నువ్వు అడిగిన మాట మరిచిపోలేదు. “ఆయనేమో మంచుకొండల్లో, నువ్వేమో ఆ ఊళ్ళో. ఒక్కర్తివీ ఏటి సేస్తావే అక్కడ? జూన్లో బడులు తెరిసీలోగా పిల్లని తీసుకుని వొచ్చీ. మేడమీద గది కాళీగానే ఉంది” అన్నావు. వస్తానో రానో నెలాఖరులోగా చెప్పమన్నావు. క్వార్టరు ఉంచుకుంటామో ఖాళీ చేస్తామో ఇక్కడ కూడా నెలాఖరులోగానే రాసివ్వాలి. నీ జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కానీ ముందే చివరి పేజీ తిప్పి చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

ఎండలు ఎలా ఉన్నాయో అడిగావు. ఇక్కడ మధ్యాహ్నం వీచే వడగాలిని లూ అంటారు. తలుపు తెరిస్తే పొయ్యి దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. కూలరులో పొద్దున పోసిన నీళ్ళు పన్నెండింటికల్లా అయిపోతాయి. చిన్నీకి ఎండలో ఆడొద్దని చెప్తే “బస్ పాంచ్ మినట్” అంటుంది. ఐదు నిమిషాలేనట. తెలుగులో అడుగుతాను, హిందీలో జవాబు చెబుతుంది. దానికి తెలుగు అర్థం కాక కాదు, పొగరు. నా పోలికే... కాదులే, నీ పోలికే.

సరే, అసలు సంగతికి వస్తాను.

దీపావళికి మీ మరిది సెలవు మీద వచ్చి వెళ్ళిన సంగతి నీకు తెలుసు. ఎలా వచ్చి ఎలా వెళ్ళారో మాత్రం నేను చెప్పలేదు. వచ్చిన పద్ధెనిమిది రోజులూ మనిషి నోరు విప్పలేదు. అసలే మితభాషి అంటావు, అది వేరే. ఇది వేరే. రోజూ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని బయటికి వెళ్ళేవారు. గంటకి తిరిగొచ్చేవారు. ఎక్కడికండీ అంటే “ఊరికే” అనేవారు. చిన్నీ పటాసులు కాల్చమంటే పక్కింటి వాళ్ళని కాల్చమన్నారు. చివరికి ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. “మాట్లాడ్డానికి నేను మనిషిని కానా? గోడనా?” అని అరిచాను. ఆయన నా వైపు చూసి, వెళ్ళి తన బూట్లు తుడుచుకున్నారు. తుడిచిన బూట్లే, అక్కా. ఆ ఏడుపు నేను స్నానాలగదిలో ఏడ్చాను. నీకు చెప్తే మొదట ఆయన్ని తిడతావు, తర్వాత నన్ను తిడతావు, ఎందుకులే అని చెప్పలేదు.

ఆయన వెళ్ళిపోయాక ఇల్లు ఇంకా మూగదైపోయింది. ఆదివారం ఫోను వచ్చేది. అక్కడ వరసలో నిలబడాలట, వంతుకి కొద్ది నిమిషాలేనట. ఆ కొద్ది నిమిషాలు కూడా మిగిలిపోయేవి.

“తిన్నావా?”

“తిన్నాను. మీరో?”

“ఆఁ. పాప?”

“బాగుంది.”

“సరే అయితే. ఉంటాను.”

అదీ మా కాపురం. నువ్వు అప్పుడు రమ్మని ఉంటే మర్నాడే సంచీ సర్దుకుని ఉందును.

అలాంటప్పుడే పక్క క్వార్టరు సరోజ్ దీదీ నన్ను ఈ ఉద్యోగానికి లాక్కెళ్ళింది. హర్యానా ఆవిడ, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. బడి అయ్యాక చిన్నీని దీదీ వాళ్ళ అత్తగారు చూసుకుంటారు. నీకు నేను “కంప్యూటరు పని” అని చెప్పాను, నువ్వు “టైపింగా” అన్నావు, నేను ఊఁ అన్నాను. టైపింగు కాదక్కా. ఆరునెలలుగా నేను రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి ఫిన్లాండ్ అనే దేశానికి వెళ్ళి సాయంత్రం ఐదింటికి తిరిగొస్తున్నాను.

నవ్వకు. ద్వారకా వైపు ఒక మిఠాయి దుకాణం మీద రెండు గదుల ఆఫీసు. పదిమంది ఆడవాళ్ళం, పది కంప్యూటర్లు, ఒక నీలమ్ మేడమ్. ఫిన్లాండ్‌లో, బాగా ఉత్తరాన, ఒక రోడ్డు పక్కన స్తంభానికి కెమెరా ఉంది. అది పోయిన ఏడాదంతా కొద్దికొద్ది నిమిషాలకి ఒక ఫొటో తీసింది. ఆ ఏడాది ఫొటోలన్నీ మాకు పంపారు. సెప్టెంబరుతో మొదలుపెట్టి మళ్ళీ ఆగస్టు దాకా. కారుంటే కారు చుట్టూ గీత, మనిషుంటే మనిషి చుట్టూ, జంతువుంటే జంతువు చుట్టూ. అన్నిటికన్నా ముఖ్యం రోడ్డు అంచు. అది పసుపు గీతతో గీయాలి. మంచు తీసే బండి తనంతట తనే నడిచేలా యంత్రానికి నేర్పుతున్నారట. నేర్పేది ఎవరు? బొబ్బిలి రమణమ్మ. మంచంటే ఫ్రిజ్‌లో తప్ప ఎరగనిదాన్ని.

మొదటి వారంలోనే నాకు ఆ రోడ్డు మీద మోజు పుట్టింది. ఏముందక్కా అక్కడ! రోడ్డుకి అటు ఒక ఎర్ర చెక్క ఇల్లు, పక్కన జెండా కర్ర, వెనకాల చెరువు, అంతే. రోజుకి ఇరవై బండ్లు కూడా పోవు. మన బొబ్బిలి సంతరోజు వాళ్ళకి చూపిస్తే బెంబేలెత్తిపోతారు. కానీ సెప్టెంబరులో ఆ చెట్లు చూడాలి. పచ్చగా ఉన్నవి పదిరోజుల్లో పసుపు, ఆ తర్వాత కుంకం రంగు. నేలమీద గడ్డి కూడా ఎర్రబడింది. దుప్పిలాంటి జంతువులు, రెయిన్‌డీర్ అంటారట, రోడ్డు మధ్యలో నిలబడి కదలవు. కారువాళ్ళు హారను కొట్టకుండా ఆగుతారు. హారను కొట్టలేదని ఫొటోలో ఎలా తెలిసింది అంటావా? అవి తల తిప్పలేదు కదా.

ఆ ఎర్ర ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ముఖాలు మసకచేసి పంపుతారు కాబట్టి ముఖం తెలీదు. ఎర్ర కోటు, ఎడమవైపు కాస్త ఒరిగే నడక. రోడ్డు పక్క కొయ్యకి తగిలించిన టపా డబ్బా దాకా పొద్దున వచ్చి పేపరు తీసుకుని వెళ్తుంది. మేమందరం ఆవిడకి “లాల్ కోట్ నానీ”, అంటే ఎర్రకోటు అమ్మమ్మ, అని పేరు పెట్టాం. పనిలోకి రాగానే ఎవరో ఒకరు “నానీ వచ్చిందా?” అని అడుగుతారు. ఎప్పుడో పోయినేడు వచ్చిన మనిషి ఇవాళ వచ్చిందా అని ఆరాటం.

ఇప్పుడు నా తెలివితేటల సంగతి విను. వాళ్ళ అక్టోబరు ఫొటోల్లో నారింజ జాకెట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు బండి దిగి, రోడ్డుకి రెండువైపులా కర్రలు పాతడం మొదలుపెట్టారు. మనిషంత కర్రలు. ఎడం ఎడంగా, వరసగా, కనుచూపుమేర. అవేమిటో ఎవరికీ తెలీదు. మాకిచ్చిన పేర్ల పట్టీలో అవి లేవు. అందరూ నా వైపు చూశారు, ఎందుకంటే నేను ముందురోజే ఒక రెయిన్‌డీర్‌ని సరిగ్గా గుర్తుపట్టి పేరు తెచ్చుకున్నాను.

నీ ఇంటిముందు బైపాసుకని కొలిచి, ఎర్రరంగు రాళ్ళు పాతారే, చూడగానే నాకది గుర్తొచ్చింది. “ఇవి సర్వే కర్రలు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నానీ వాకిలి పోతుంది” అన్నాను. అంతటితో ఊరుకున్నానా? నీ కథంతా చెప్పాను. నువ్వు చీపురు పట్టుకుని ఆ సర్వేయరు వెంటపడ్డది, బావ నిన్ను ఆపబోయి తనే గట్టుమీద పడ్డది, అంతా అభినయించి చూపించాను. సరోజ్ దీదీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “హాయ్ రామ్, ముసలావిడ వాకిలి కూడా వదలరా వీళ్ళు” అని ఫిన్లాండ్ ప్రభుత్వాన్ని తిట్టింది.

ఆ మర్నాటి ఫొటోలో నానీ తనే రెండు కర్రలు చంకలో పెట్టుకుని వచ్చింది. టపా డబ్బాకి అటొకటి, ఇటొకటి రెండు చేతులతో పొడిచి పాతింది. “చూశారా! మా అక్కలాగే. ఇది నా హద్దు అని చెప్తోంది” అన్నాను. తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. పదిమందిమీ వారంరోజులపాటు ఆ కర్రలన్నిటినీ “రోడ్డు పనులు” కింద గీశాం. రోడ్డు అంచు కర్రల్ని వదిలేసి ఎక్కడో లోపలికి గీశాం.

ఆ వారం పనంతా వెనక్కి వచ్చింది. నీలమ్ మేడమ్ అందరినీ నిలబెట్టి ఆ దేశం వాళ్ళ జవాబు చదివింది. “ఏ సర్వే? ఏ బైపాస్? ఎవరు చెప్పారు మీకు?” అంది. తొమ్మిది తలకాయలు నా వైపు తిరిగాయి. తలకొట్టేసినట్టయింది.

ఆ జవాబులో ఏముందో తెలుసా? ఆ కర్రలు మంచు కోసమట. మంచు పడ్డాక రోడ్డేదో, గట్టేదో, చెరువేదో తెలియదట. అంతా ఒకటే తెలుపు. మంచు తీసే బండివాడు ఆ కర్రల వరస చూసుకుని, వాటి మధ్యలోంచి పోతాడట. నేల గడ్డకట్టాక కర్ర దిగదు. అందుకని ముందే, నేల మెత్తగా ఉండగానే పాతేస్తారట. ప్రతి ఏడాదీ పాతి, వేసవికి పీకేస్తారట. నానీ పాతింది హద్దు కాదు, తన టపా డబ్బాని బండి గుద్దెయ్యకుండా గుర్తు.

తిట్లన్నీ అయ్యాక నేను ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను. చెట్ల మీద ఇంకా ఆకులుండగానే, ఎండ కాస్తుండగానే, ఇక్కడ దారి తెలియని రోజు వస్తుందని కర్రలు పాతుకోవడం. ఎంత బుర్ర! మరి మీ మరిది ఉన్నచోట ఎలా? అక్కడా అంతా తెలుపే కదా. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఉన్నచోటు ఎలా ఉంటుందో నేను ఒక్కసారైనా అడగలేదక్కా. “జాగ్రత్త” అన్నాను, “స్వెట్టరు వేసుకోండి” అన్నాను. అడగడం మాత్రం అడగలేదు.

ఆ ఆదివారం ఫోను వచ్చింది. తిన్నావా, తిన్నాను, పాప, బాగుంది. “సరే అయితే” అంటుండగా అడిగేశాను.

“ఏమండీ, మంచు కప్పేశాక దారెక్కడుందో మీకెలా తెలుస్తుంది?”

ఫోను కట్టయిందనుకున్నాను.

“ఎవరడిగేరు నిన్ను?” అన్నారు.

“ఎవరూ అడగలేదు. నాకే తెలుసుకోవాలనుంది” అని, కర్రల కథ, సర్వే కథ, వెనక్కొచ్చిన వారం పని, అన్నీ గబగబా చెప్పేశాను. ఆయన నవ్వారక్కా. మొదట గొంతులో, తర్వాత గట్టిగా. “మీ అక్కని ఫిన్లాండ్ దాకా తీసుకెల్లిపోయేవా” అన్నారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. తర్వాత, “మాకూ ఉంటాయి. జెండాలు. ముందెల్లినోడు గుచ్చుకుంటూ ఎల్తాడు, ఎనకాలొచ్చీవోల్లు అవి సూసుకొనొస్తారు” అన్నారు. వెనకవాళ్ళు తొందరపెట్టారేమో, పెట్టేశారు.

పై ఆదివారం తిన్నావా అని అడగలేదు. ఫోనెత్తగానే చెప్పడం మొదలుపెట్టారు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

“ఆ రోజు జెండాలు గుచ్చింది నేనే. నాలుగు కట్టలు తీసుకెల్లాల. బరువని ఒక కట్ట డేరా దగ్గర దింపీసేను. సివర్లో సాల్లేదు. మిగిలినవి దూరం దూరంగా గుచ్చీసేను. ఎవలకీ ఏటీ కాదులే అనుకున్నాను. ఎనకాల బెహరా వొస్తన్నాడు. గాలి లేచింది. ఒక జెండాకీ ఇంకో జెండాకీ మద్దిలో దారి తప్పీసేడు. రెండు గంటలు ఎతికేం. దొరికేడు. పేనం ఉంది. కాలివేల్లు మూడు పోయేయి.”

బెహరా అంటే ఆయన దళంలోవాడే, గంజాం మనిషి, మన పక్కవాడే అనుకో.

“ఎప్పుడండీ ఇది?”

“దీపావలికి ముందు.”

అప్పుడు తెలిసిందక్కా. బెహరాని ఇక్కడికే, ఢిల్లీ ఆసుపత్రికే తెచ్చారట. మీ మరిది రోజూ పొద్దున ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళింది అక్కడికి. గేటు దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళలేక తిరిగొచ్చేవారట. పద్ధెనిమిది రోజులూ. నేనేమో గోడనా అని అరిచాను. నేనే గోడలా నిలబడ్డాను.

“గాలి వల్ల అనే అందరికీ తెలుసు. కట్ట సంగతి ఎవలకీ సెప్పలేదు” అన్నారు.

నీ తప్పు కాదు అందామంటే అబద్ధం. తప్పే అందామంటే నోరు రాదు. “బెహరాకి చెప్పండి” అన్నాను. “చెప్పకుండా మీకు నిద్రపట్టదు. నాకూ పట్టదు ఇక.” వంతు అయిపోయింది, ఆయన ఫోను పెట్టేశారు.

మూడు ఆదివారాలు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫిన్లాండ్ సంగతులు చెప్పుకున్నాం. అదొక్కటే మా ఇద్దరికీ భయంలేని చోటు. అప్పటికి మా ఫొటోల్లో డిసెంబరు వచ్చింది. సూర్యుడు రాడక్కా అక్కడ. వారాల తరబడి రాడు. మధ్యాహ్నం కాసేపు ఆకాశం నీలంగా అవుతుంది, మళ్ళీ చీకటి. మంచు ఆ కర్రల నడుం దాకా వచ్చింది. నేను పసుపు గీత కర్రల వెంట చక్కగా గీస్తున్నాను. అలాంటప్పుడు నానీ కనిపించడం మానేసింది. ఒకరోజు కాదు, వరసగా ఇరవై రోజులు. నీలమ్ మేడమ్ “అయిపోయిన ఏడాదికి ఇప్పుడు కంగారెందుకు” అంది కానీ, తనూ మాటిమాటికీ వచ్చి మా తెరల్లోకి తొంగిచూసేది.

ఆయనకి చెప్పాను. మంచు గురించి అడిగితే ఆ మనిషి వేరే మనిషి. “పొగ గొట్టం సూడు. పొగ వొస్తందా?” అన్నారు. మర్నాడు చూశాను, సన్నగా వస్తోంది. “అయితే ఉంది. బతికే ఉంది. బైటికి రాకుండా కూకుంది, తెలివైంది” అన్నారు. ఆఫీసులో ఈ మాట చెప్తే పదిమందీ ఊపిరి పీల్చుకున్నారు. సూర్యుడు తిరిగొచ్చిన వారంలో నానీ వచ్చింది. నిలబడి కాలితో నేలని తంతూ తోసుకునే ఒక చిన్న జారుడు బండి మీద, పేపరు కోసం, అదే ఎర్ర కోటు. సరోజ్ దీదీ కిందకి పరిగెత్తి సమోసాలు తెచ్చింది. మేము తింటుంటే మిఠాయి దుకాణం అతను పైకి వచ్చి “ఎవరిదమ్మా పుట్టినరోజు?” అని అడిగాడు.

ఆ ఆదివారమే ఆయన చెప్పారు. బెహరాకి ఫోను చేశారట. కట్ట సంగతి చెప్పారట. బెహరా, “ఆ కట్ట డేరా దగ్గర నేనూ చూశాను, ఉస్తాద్. నేనైనా తీసుకుని రావలసింది. నాకూ బరువనిపించింది” అన్నాడట. ఇంటికి వెళ్ళిపోయాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. మీ మరిది ఇదంతా చెప్పి, “ఇయాల ఏటి వొండేవు?” అని అడిగారు. నేను బెండకాయ పులుసు అన్నాను. అందులో ఏమేం వేశానో కూడా అడిగారు.

మిగతా ఏడాది హాయిగా గడిచింది. చెరువు మంచు విరిగింది. కర్రలు పీకి బండిలో వేసుకుపోయారు. వాళ్ళ జూన్‌లో సరోజ్ దీదీ “కెమెరా గడియారం పాడైంది, అర్ధరాత్రి పన్నెండని వేసి ఎండ చూపిస్తోంది” అని రాసి పంపబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు అడుగు, తర్వాత రాయి అన్నాను, బుద్ధొచ్చింది కదా. నిజంగానే అక్కడ అర్ధరాత్రి ఎండట! చిన్నీకి చెప్తే “ఫిర్ లోగ్ సోతే కబ్ హైఁ?” అంది. మరి ఎప్పుడు పడుకుంటారూ అని. మీ మరిదికీ తెలీదు. నీకు తెలిస్తే రాయి. అదే రోజుల్లో ఏదో పండగ వచ్చింది, నానీ గుమ్మానికి రెండువైపులా లేత చెట్లు నరికి తెచ్చి నిలబెట్టారు. మనం అరటిబోదెలు కట్టినట్టే. పదిమందికీ చూపించి మరీ మురిసిపోయాను.

మొన్న శుక్రవారం ఆ ఏడాది అయిపోయింది. చివరి ఫొటోలో ఏమీ లేదు. ఖాళీ రోడ్డు, అంతే.

ఇక నీ మాటకి జవాబు. నేను రావడం లేదక్కా. కోపం తెచ్చుకోకు. జులైలో ఇంకో రోడ్డు, ఇంకో శీతాకాలం వస్తున్నాయి. మంచు ఫొటోలు గీసినవాళ్ళ పని సరిచూడ్డానికి నీలమ్ మేడమ్ నన్నే పెట్టింది. “దక్షిణాదిదానివి, నీకు మంచు ఇంత బాగా ఎలా తెలుసు?” అంది. ఇంట్లో మనిషి ఉన్నాడు అన్నాను. ఆ మాట పైకి అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. ఫొటోలు లేకపోతే మొగుడితో మాట్లాడలేవా అని నువ్వు అంటావు. మాట్లాడలేనక్కా. పదకొండేళ్ళు చూశాను. ఇప్పుడు మా ఇద్దరికీ ఒక దేశం దొరికింది, దాన్ని వదులుకుని మేడమీద గదికి రాలేను. ఆయన అక్కణ్ణుంచి బదిలీ అయి దిగి వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. నేనూ చిన్నీ బాగున్నాం. ఎన్నోసారో లెక్కపెట్టుకో.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు, బెహరా సంగతి తప్ప. నాకూ పిల్లకీ నీ దీవెన, బావ దీవెన కావాలి. ఆయనకి ఇంకా కావాలి. ఎవరైనా ఇటు వస్తుంటే కొత్త చింతపండు, కాస్త గోంగూర పచ్చడి పంపు. ఇక్కడ దొరికే చింతపండుకి పులుపే లేదు.

నీ చెల్లెలు,
రమణ

అసలు కావలసింది ఇక్కడ రాస్తున్నాను, చివరి పేజీ ముందు చూస్తావని తెలుసు కాబట్టి. నీ మిషను కింద సంచీలో ఎర్ర జాకెట్ల ముక్కలుంటాయి కదా. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, చుట్టూ అంచు మడిచి జెండాల్లా కుట్టి పంపు. నూలువి వద్దు, తడిసి గడ్డకడతాయట. పాలిస్టరువి అయితే గాలికి ఆరిపోతాయట. వచ్చే నెల మధ్యలో ఆయన సెలవు మీద వస్తారు, అప్పటికి అందాలి. “గుడ్డలైతే బరువుండవు, జేబుల్లో పెట్టీసుకుంటాను” అన్నారు. ఎన్ని కావాలి అని అడిగాను. “తిరిగొచ్చీటప్పుడు మిగిలిపోవాల” అన్నారు. అందుకని లెక్కపెట్టకు అక్కా, ఎన్నుంటే అన్నీ కుట్టు.